ఆమె చూడటానికొచ్చిన రాయి

మా కోనసీమలో రాళ్లుండవు. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక, ఆ కింద నీళ్లు. నా చిన్నప్పుడు పి.గన్నవరం దగ్గర మా పేటలో ఎవరింట్లోనైనా రుబ్బురోలు పగిలితే, కొత్తది గోదావరి దాటించి తెచ్చుకోవాల్సిందే. అలాంటి చోట పుట్టినదాన్ని పదిహేనేళ్లు రాళ్లు కోసి బతికానంటే మీకు నవ్వు రావచ్చు. మా నాన్నకి మాత్రం రాలేదు. కొబ్బరికాయలు ఒలిచే పని చేసుకుంటూ నన్ను టీచరుగా చూడాలని పదో తరగతి దాకా చదివించాడు. ట్రైనింగులో సీటు రాలేదు. హాస్టల్లో మా వార్డెనమ్మగారు, ఊరికే కూర్చోవద్దని కోప్పడి, రాళ్లకు సానపట్టడం నేర్పే ఆరు నెలల శిక్షణకు పంపించారు. అలా డెబ్బైల మధ్యలో అమలాపురంలో ఒక నగల షాపు వెనకగదిలో, సానచక్రం ముందు కూర్చున్నాను.

ఈమధ్య నగల పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. "రాయి ఎక్కడిదో, ఎవరు తీశారో కనుక్కుని కొనాలని మాకు చెబుతున్నారు. మీ రోజుల్లో అలా ఉండేదా ఆంటీ?" అని అడిగారు. ఉండేది కాదు. మా షాపులో అది ఎలా మొదలైందో మాత్రం చెప్పగలను. అది మా గొప్పతనమేమీ కాదు. ఒకావిడ బస్సెక్కి వచ్చింది కనక మొదలైంది.

మా ఆచారి గారికి అప్పటికే అరవై దాటాయి. తాతల నాటి నుంచి బంగారం పని. పేట నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నందుకు బంధువుల్లో కొందరు ముఖం చిట్లించారని తర్వాత తెలిసింది. ఆయన నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. మొదటి రోజు గదంతా కలియజూసి, "ఇదిగో అమ్మాయ్, కిటికీ దగ్గర కూర్చో. బంగారాన్ని కుంపటి వెలుగులో కూడా చూసుకోవచ్చు. రాయికి సూర్యుడు కావాలి" అన్నారు. అంతవరకు ఆ కిటికీ దగ్గర కూర్చున్నాయన రాళ్లు పొదిగే మనిషి. బండారులంక అల్లుడు, నోరు ఊరుకోదు. చోటు పోయినందుకు నా మీద కక్ష తీర్చుకుంటున్నట్టు నాకు టీచరమ్మ గారని పేరు పెట్టాడు. "టీచరమ్మ గారూ, ఈ కెంపు ఫెయిలా పాసా అండీ?" అనేవాడు. ఏడేళ్లు అలాగే పిలిచాడు.

ఎనభైల మొదట్లో ఒక మాఘమాసం. ముక్తేశ్వరం నుంచి ఒక పెద్ద రైతు గారు వచ్చి, భార్య జాతకంలో కేతువు బాగాలేదని సిద్ధాంతి చెప్పాడనీ, వైడూర్యం ఉంగరం చేయించాలనీ అన్నారు. వైడూర్యమంటే పిల్లికన్ను రాయి. నేను అప్పటిదాకా పుస్తకంలో బొమ్మే చూశాను. ఆచారి గారు తనకు తెలిసిన రంగురాళ్ల వ్యాపారికి కబురు పెట్టారు. ఆ వ్యాపారి ఏజెన్సీ కొండల్లో తిరిగి ముడిరాళ్లు సేకరించి, మాలాంటి షాపులకు ఇచ్చేవాడు. పది రోజుల్లో బనీను జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు.

విప్పితే, పనసపిక్కలో సగం ఉంటుంది, తాటిబెల్లం ముక్కలాంటి రాయి. నెర్రెల్లో ఎర్రమన్ను.

"ఎక్కడిదండీ?" అన్నారు ఆచారి గారు, అలవాటుగా.

"కొండల్లోదండీ. ఇంకెక్కడ దొరుకుతాయి?" అన్నాడు వ్యాపారి, అంతకన్నా అలవాటుగా. నా వైపు తిరిగి, "అమ్మాయి గారూ, బరువు మాత్రం పోనివ్వకండి. బరువే దాని విలువ" అన్నాడు.

రాయిని కుంకుడు రసంలో వేసి కుంచెతో కడిగాను. ఒక నెర్రెలోంచి మన్నుతోపాటు నూలుపోగు ఒకటి వచ్చింది. గుడ్డలోంచి ఊడిన పోగు. గనిలో రాయికి నూలుపోగు ఎలా అంటుకుందని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత నీళ్లు పారబోశాను. ఆ నీళ్ల సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

పిల్లికన్ను రాయి కోత మిగతా వాటిలా కాదు. దాని లోపల కంటికి కనిపించని సన్నని పోగులు ఉంటాయి, మగ్గం మీద పడుగులాగా అన్నీ ఒకే వైపుకి. వాటికి అడ్డంగా వెలుగు గీత వస్తుంది. రాయి అడుగుభాగం ఆ పోగులకు సమాంతరంగా ఉండాలి. కొంచెం వాలినా గీత నడినెత్తిన నిలబడదు, పక్కకు జారిపోతుంది. ఇదంతా శిక్షణలో చెప్పారు, నేను రాసుకున్నాను కూడా. అయినా వ్యాపారి మాట చెవిలో ఉండిపోయింది. బరువు పోకుండా, రాయి ఏ ఆకారంలో ఉందో దాన్ని బట్టే అడుగు తీశాను. కర్రకొనకు లక్క కరిగించి, రాయిని అంటించి, రెండు రోజులు పైభాగం గుండ్రంగా అరగదీశాను. మూడో రోజు ఒక నూనె చుక్క వేసి కిటికీలో ఎండకు పెట్టాను.

గీత ఉంది. కానీ ఒక వారకి ఒరిగిపోయి ఉంది, నిద్రకళ్లతో పక్కకి చూస్తున్నట్టు.

చెప్పకుండా దాచాలనే ఆలోచన రాలేదని అనను. వచ్చింది. రాళ్లు పొదిగే ఆయన తొంగిచూసి, జీవితంలో మొదటిసారి జోకు వెయ్యకుండా వెళ్లిపోయాడు. అది చూసి ఇంకా భయం వేసింది. రాయి తీసుకెళ్లి ఆచారి గారి ముందు పెట్టాను.

ఆయన చాలాసేపు తిప్పి చూశారు. "ఎవరి మాట విన్నావ్?" అన్నారు.

"బరువు పోకూడదన్నారండీ."

"ఆయనకి బరువు కావాలి, ఆయన అడిగేడు. నువ్వెవరి పని చేస్తున్నావ్?" అని రాయి నా చేతిలో పెట్టి, "మళ్లీ తియ్. ఎంత పోతే అంత పోనీ" అన్నారు.

అడుగు మళ్లీ తీశాను. దాదాపు మూడోవంతు రాయి పొడైపోయింది. వారం పట్టింది. చివరిరోజు వజ్రపు పొడితో మెరుగుపెట్టి, లక్క విడదీసి, గుడ్డతో తుడిచి, పొద్దున్న పదిగంటల ఎండలో అరచేతిలో పెట్టుకున్నాను.

దాన్ని మీకెలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. తేనెరంగు రాయి నడిమధ్యన తెల్లటి వెలుగు గీత, గీసినట్టు కాదు, లోపల్నుంచి తెరుచుకున్నట్టు. చెయ్యి కదిపితే అది కదిలింది. రాయి ఒక వైపు పాలలాగా, రెండో వైపు తేనెలాగా ఉంది. చెయ్యి తిప్పితే పాలు తేనె అయ్యాయి, తేనె పాలైంది. ఆచారి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. నలభై ఏళ్లు పని చేసిన మనిషి, "ఆయ్" అని మాత్రం అన్నారు. ఎవరూ ఏమీ అడగకుండానే, అవునన్నట్టు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది.

ఆచారి గారు భోజనానికి ఇంటికి వెళ్లారు. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారనిపించి చూస్తే ఒకావిడ, నా ఈడుదే, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. చెప్పులు లేవు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, కొండమీది నుంచి రాళ్లు తెచ్చే ఆయన మీకేనా ఇచ్చేది?"

"అవునండీ. మీరెవరు?"

"మా మనిషి తీసిన రాయి ఇక్కడికి వచ్చిందంట. అమలాపురం ఆచారికి ఇస్తానని ఆయన మా ఊళ్లో చెప్పాడు. ఒకసారి చూపిస్తారా? చూసి వెళ్లిపోతాను."

మొదట నాకు భయమేసింది. చూపిస్తే పట్టుకుని పరిగెడుతుందేమో అని. నేను పేటలో పుట్టినదాన్నే, నన్నూ గుమ్మం అవతల నిలబెట్టినవాళ్లు ఉన్నారు. అయినా ఆ ఆలోచనే వచ్చింది. సిగ్గుపడి, మంచినీళ్లిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను.

చెప్పింది. ఏడుపు లేకుండా, దారి చెబుతున్నట్టు చెప్పింది. వాళ్ల ఊరి మీది కొండలో గోతులు. ఒక్కోటి మూడు నిలువుల లోతు, మనిషి పట్టేంత వెడల్పు. సంక్రాంతి వెళ్లాక అకాలవర్షం పడింది. వాన వెలిసిన మర్నాడు భర్త దిగాడు. గోడ జారింది. ఊరంతా కలిసి తీసేసరికి ప్రాణం లేదు. వానకు ముందే దొరికిన రాయి మొలగుడ్డ కొంగున ముడేసుకుని ఉన్నాడు. వ్యాపారి వచ్చి, ముందే బియ్యం ఇచ్చాను కదా అని, ఆ ముడి విప్పి తీసుకున్నాడు.

మొలగుడ్డ ముడి. నేను కడిగి పారబోసిన నూలుపోగు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

"మీరు చూడలేదా ఆ రాయిని?" అన్నాను.

"చూశానమ్మా. తుమ్మజిగురు ముక్కలాగ ఉంది. దీనికోసమా ఇన్నాళ్లూ దిగుతున్నావని నవ్వాను కూడా. మనిషి పోయాక అది ఏమై ఉంటుందా అని రోజూ అదే ఆలోచన. అందుకని వచ్చాను."

రాయి తెచ్చాను. ఆమె అరచేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని ఎండలోకి జరిపాను. గీత తెరుచుకుంది.

చెయ్యి మెల్లగా అటు తిప్పింది, ఇటు తిప్పింది. గీత ఆమెతోపాటు నడిచింది. రోడ్డు మీద రిక్షాలు పోతున్నాయి, ఎదుటి కొట్టువాడు ఎవరినో కేకేస్తున్నాడు. ఆమెకి ఏమీ వినబడటం లేదు. ఎంతసేపటికో తలెత్తింది.

"ఇది మీరు పెట్టారా, ముందే ఇందులో ఉందా?"

"ముందే ఉందండీ. పైనున్నది తీశాం, అంతే."

"అయితే ఆయన చూడలేదు" అంది. "చేతిలో పెట్టుకుని కూడా చూడలేదు."

రాయి నా చేతిలో పెట్టేసి, కొంగు దులుపుకుని లేచింది. అంతే. వచ్చిన పని అయిపోయింది. పరిగెత్తుతుందేమో అని నేను భయపడ్డ మనిషి, నాకే అప్పగించి బస్టాండుకి బయల్దేరింది. వెనక నుంచి రాళ్లు పొదిగే ఆయన గొంతు వినబడింది. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, అంతా విన్నాడు. "ఆవిణ్ణి ఆపండి. వెళ్లనివ్వకండి. నేను ఆచారి గార్ని తీసుకొస్తాను" అంటూ అన్నం చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాడు.

ఆచారి గారు వచ్చి, అరుగు మీద ఆమెకు ఎదురుగా కూర్చుని మొత్తం మళ్లీ విన్నారు. విన్నాక ఒకటే మాటన్నారు: "అమ్మా, ఎక్కడిదండీ అని నేను ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నాను. జవాబు కోసం ఒక్కసారి కూడా ఆగలేదు." ఆమెను రెండు రోజులు ఉండమన్నారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ చేసిన చేపల పులుసు తిని, గోదావరి చూసి, ఇంత నీళ్లున్నచోట మనుషులు ఎందుకు దిగులుగా ఉంటారని నన్నడిగింది.

శనివారం రమ్మని ముక్తేశ్వరం వారికీ, వ్యాపారికీ కబురు వెళ్లింది. రైతు గారు భార్యతో వచ్చారు. కొండ మీది నుంచి వచ్చిన ఆమె అరుగు చివర కూర్చుని ఉంది.

"ఈవిణ్ణి ఎరుగుదురా అండీ?" అని వ్యాపారిని అడిగారు ఆచారి గారు.

"కొండమీద అందరూ ఒకలాగే ఉంటారు కదండీ. ఎవరని గుర్తుపెట్టుకుంటాం?"

"మా ఇంట్లో రెండుసార్లు అన్నం తిన్నారు బాబూ" అందామె.

వ్యాపారి ముఖం తిప్పుకున్నాడు. ఆచారి గారు గొంతు పెంచలేదు. "రాయికి ఏమిచ్చేరండీ?" అన్నారు.

"మీరలా అడక్కూడదండీ. అది మా వ్యాపారం. ముందే ఇచ్చేశాను, వాడు తీసుకున్నాడు."

"బియ్యం బస్తా ఒకటి" అందామె. "సగం ఆయన దినానికే అయిపోయింది."

ముక్తేశ్వరం రైతు గారు అంతవరకు చిరాగ్గా ఉన్నారు. ముహూర్తం దగ్గరపడింది, రాయి చూపించరేం, ఈ పంచాయితీ తనకెందుకు అన్నారు. "నేను మీ దగ్గర కొంటున్నానండీ ఆచారి గారూ. కొండల్లో ఏం జరిగితే నాకేంటండీ?" అన్నారు కూడా. బియ్యం బస్తా అనేసరికి ఆగారు. ఆయన వరి పండించే మనిషి. బస్తా అంటే ఎంతో ఆయనకి తెలిసినంతగా ఆ అరుగు మీద ఎవరికీ తెలియదు.

"ఒక్కటేనా?" అన్నారు.

"ఒక్కటే బాబూ."

ఆయన కండువా తీసి ముఖం తుడుచుకున్నారు. "మా కళ్లంలో పిచికలు తినేది అంతకన్నా ఎక్కువుంటుందండీ" అన్నారు, ఎవరితోనో కాదు. తర్వాత, "రాయి ధర ఎంతో మీరు చెప్పండి ఆచారి గారూ. ఆవిడ చేతికిస్తాను. ఈయన తిరిగిన ఖర్చు వేరే ఇస్తాను" అన్నారు. వ్యాపారి తన ఖర్చు తీసుకుని, మా గుమ్మం దిగి వెళ్లాడు. మళ్లీ ఎక్కలేదు.

రైతు గారి భార్య ఇంకా ఒప్పుకోలేదు. రాయిని చేతిలోకి తీసుకుని, అరుగు దిగి ఆమె పక్కన నిలబడింది. "అమ్మా, ఇది నేను పెట్టుకుంటే నీకు కష్టంగా ఉంటుందా?" అనడిగింది.

ఆమె ఆలోచించింది. "పెట్టుకోండమ్మా. పెట్టెలో మాత్రం దాచకండి. ఎండలో తిరగండి."

ఆ పూటే రాళ్లు పొదిగే ఆయన రాయిని ఉంగరంలో బిగించాడు, రైతు గారి భార్య దాన్ని వేలికి పెట్టుకుని ఎండలోకి దిగింది.

ఇంతటితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ జరిగింది ఇంకా ఉంది.

వెళ్లేముందు ఆమె ఒక చిన్న రాయి నా చేతిలో పెట్టింది. పెసరగింజకన్నా కొంచెం పెద్దది. ఆ ముడిలోదే, పనికిరాదని వ్యాపారి విసిరేశాడట. "ఇందులో కూడా ఉందేమో చూడండి" అంది. ఉంది. వెంట్రుకంత గీత. నా జీవితంలో అంత కష్టపడి ఏ రాయీ కొయ్యలేదు. ఎండలు ముదరకముందే దాన్ని ఇవ్వడానికి ఆచారి గారు, నేను రెండు బస్సులు మారి, గొడుగేసుకుని కొండెక్కాం. ఆయనకి ఆ గోతులు కళ్లతో చూడాలని ఉంది. చూశారు. ఒక గోతి అంచున నిలబడి లోపలికి తొంగిచూసి, నా భుజం పట్టుకున్నారు. అడుగు కనబడలేదు.

ఊళ్లో వాళ్లంతా చేరారు. మెరుగుపెట్టిన రాయిని ఆమె తప్ప వాళ్లలో ఎవరూ అంతవరకు చూడలేదు. ఏళ్ల తరబడి తవ్వుతున్నారు, కానీ చూడలేదు. ఆ పెసరగింజ చేతి నుంచి చేతికి ఎండలో తిరిగింది. ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఒక్కొక్కరూ తిప్పి చూసి పక్కవాళ్లకిచ్చారు. గుళ్లో కూడా నేనంత నిశ్శబ్దం ఎరగను, చర్చిలో కూడా. మంచి పని చేశామని నా గుండె నిండిపోయింది.

చివరికి రాయి ఆమె మరిది చేతికొచ్చింది. పాతికేళ్లుంటాయి. కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. "వదినా, ఇలాగుంటుందని తెలిస్తే ఇంకో రెండు నిలువులు దిగేవాళ్లం కదా!" అన్నాడు.

అందరి ముఖాల్లోనూ అదే మాట కనబడింది. నేను ఆచారి గారి వైపు చూడలేకపోయాను.

ఆమె మరిది చేతిలోంచి రాయి తీసుకుంది. కొంగున ముడేసుకుంది. నడుచుకుంటూ వెళ్లి, భర్త పోయిన గోతి అంచున కాళ్లు లోపలికి వేలాడేసుకుని కూర్చుంది. "దిగేవాళ్లు నన్ను తోసి దిగండి" అంది. మేం కొండ దిగేటప్పుడు కూడా అక్కడే కూర్చుని ఉంది.

బస్సు మారడానికి ఆచారి గారు, నేను రాజమండ్రిలో దిగాం. అక్కడ టీ తాగుతూ, "చూపించకుండా ఉండాల్సిందంటావా?" అన్నారు. నేను తెలియదన్నాను. ఇప్పుడూ అదే అంటాను. చూపించకపోవడం వాళ్లని మోసం చెయ్యడం. చూపించడం వాళ్లని దింపడం. మీ పుస్తకాల్లో దీనికి జవాబుంటే నాకు చెప్పండి.

ఆ వారం నుంచి మా షాపులో కొత్త ముడిరాళ్లు కొనడం మానేశారు. ఎవరైనా నగకు రాయి కావాలంటే, ఇంట్లో అమ్మమ్మల నాటి పాత నగలుంటే తెమ్మనేవారు. వాటిలోని రాళ్లే తీసి, మళ్లీ సానపట్టి కొత్తవాటిలో పొదిగేవాళ్లం. సగంమంది ఖాతాదారులు పక్క షాపులకు వెళ్లారు. నా జీతం రెండేళ్లు పెరగలేదు. ఆ కొండ మీద గోతులు ఆగలేదు కూడా, వ్యాపారులు వేరే షాపులకు ఇచ్చుకున్నారు. పాత కెంపు ఒకటి చేతికొచ్చినప్పుడల్లా, దీన్ని ఏ గోతిలోంచి ఎవరు తీశారోనని నాకు అనిపించేది. ఆ మాట ఆచారి గారితో అంటే, "అనిపించనీ. అనిపించడం మానేస్తే పని మానెయ్" అన్నారు.

మరుసటి ఏడు వర్షాలు మొదలయ్యేముందు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి పిలవకుండానే లోపలికొచ్చి, కిటికీ దగ్గర నా పక్కన కూర్చుంది. అరచేతులు కాయలు కాసి, పగిలి ఉన్నాయి. గని పనికి దిగుతోందేమోనని భయమేసింది.

"గొయ్యి పూడ్చేశాం" అంది.

"మూడు నిలువుల గొయ్యి! ఎవరు పూడ్చారు?"

"నేనూ మా అత్తా. తట్టలతో. నెల పట్టింది."

రాళ్లు పొదిగే ఆయన చేతిలో పని పక్కన పెట్టి, లేచి నిలబడ్డాడు. నేను అడిగాను, "మరి మీ మరిది?"

"మొదట్లో తిట్టాడు. ఊళ్లోవాళ్లని కూడబెట్టి తిట్టించాడు" అంది ఆమె, మంచినీళ్ల చెంబు అందుకుంటూ. "పన్నెండో రోజున వచ్చి, అత్త చేతిలో తట్ట తీసుకున్నాడు."